అరవై ఒక్క శాతం ఊరు

రాళ్లకుంట,
24 నవంబర్ 2024, ఆదివారం.

పూజ్యులు బావగారికి,

మీ తమ్ముడి భార్య సుగుణ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం బాగున్నాం. అక్కడ మీరూ, అక్కా, అత్తమ్మా బాగున్నారని తలుస్తాను. ఉత్తరమంటే మొదట ఉభయకుశలోపరి అని రాయాలని చిన్నప్పుడు మా తెలుగు సారు నేర్పించాడు. ఈ ఉత్తరంలో కుశలం ఇంతటితో అయిపోయింది, ఇక మిగిలిందంతా ఉపరే. జర కూర్చుని చదవండి.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటని మీకు అనిపిస్తుంది. పెళ్లై వచ్చిన నాటి నుంచి నేను మీ ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. మన ఇంటి పద్ధతి అది. మీరు అరుగు మీదికి వస్తే నేను కొంగు సర్దుకుని లోపలికి పోవాలి. ఏదన్నా చెప్పాలనుంటే తలుపు చాటు నుంచి అక్కకు చెప్పాలి, అక్క మీకు చెప్పాలి. ఆమె మంచిది కాబట్టి నా మాటను సగం మెత్తగా చేసి మీకు అందిస్తుంది. ఈసారి నా మాట మెత్తబడటం నాకిష్టం లేదు. ఫోన్లో అయితే మీరు హలో అనగానే అలవాటు కొద్దీ నా గొంతు దిగిపోతుంది. పోనీ మన కుటుంబం గ్రూపులో పెడదామంటే, మేనత్తల దాకా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపి అసలు సంగతిని కిందికి తోసేస్తారు. అందుకని కాగితం.

సంగతి ఇది. జడ్చర్లలో మీరు చూసిపెట్టిన ఇంట్లోకి మేము పోలేదు, పోము. గురువారం నాడు రాళ్లకుంటలో ఇల్లు కిరాయికి తీసుకుని సామాను దించాం. మా మనస్వినిని ఇక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్పించాం. మీ తమ్ముడి కంపెనీ బస్సు ఊరి ముందరే ఆగుతుంది. అవును, మీరు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన రాళ్లకుంటే.

మీరు ఆ సున్నా చుట్టిన సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను గానీ చెవులు అరుగు మీదే ఉన్నాయి. మీ తమ్ముడికి జడ్చర్ల మందుల కంపెనీలో పని ఖాయమైందని తెలిసిన రోజు నుంచి మీరు కుదురుగా అన్నం తినలేదని అక్క చెప్పింది. జాగా యాడనన్న దొర్కుతది, పిల్ల సదువు మల్ల దొర్కదు అని మీరన్నారట. ఆ మాట నేను కాదనను. మీరు నెట్ సెంటర్‌కు పోయి మహబూబ్‌నగర్ జిల్లాలో ఏ మండలంలో ఏ బడికి పదో తరగతిలో ఎంత శాతం వచ్చిందో అంతా తీయించుకొచ్చారు. కాగితాలు ఎగిరిపోకుండా ఒక అంచు మీద చెంబు, ఇంకో అంచు మీద టార్చిలైటు పెట్టుకుని, కొడుకు పెళ్లికి ముహూర్తం చూస్తున్నంత శ్రద్ధగా చూశారు. జడ్చర్లలోని ఆ ప్రైవేటు బడికి నూటికి నూరు. మీ కూతురు అక్షిత అక్కడే హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది కాబట్టి మనస్విని కూడా అక్కడికే పోతే అక్కకు చెల్లెలు, చెల్లెలికి అక్క తోడు అన్నారు. రాళ్లకుంటకు అరవై ఒకటి. గీ ఊరి దిక్కు ఎవ్వలు సూడొద్దు, కిరాయి తక్కువని ఆశపడితె పిల్ల ఆగమైతది అని గట్టిగా అన్నారు, నాకు వినబడాలనే.

పాల కేంద్రంలో పాలకు ఫ్యాట్ శాతం తీసి తీసి అరిగిన చెయ్యి మీది. మన కేతేపల్లి చుట్టుపక్కల ఎవరి బర్రె పాలు ఎంత చిక్కనో క్యాన్ మూత తీయకముందే చెప్తారని మీకు పేరు. పెళ్లి సంబంధాలు కూడా మీరు శాతాల్లోనే తూస్తారు. నన్ను చూసి పోయిన రోజు, పిల్ల డెబ్బై శాతం నయమే అన్నారని చెప్పి అక్క ఇప్పటికీ నవ్వుతుంది. మిగిలిన ముప్పై ఏమిటో నాకూ ఇన్నేళ్లు తెలియలేదు. ఈ ఉత్తరం అయిపోయేసరికి మనిద్దరికీ తెలుస్తుంది.

మీరు చెప్పిన బడికి మేము పోకుండా ఉండలేదు. పదహారో తారీఖు శనివారం పొద్దున్నే ముగ్గురం పోయాం. గేటు మీద ఆ నూటికి నూరు అంకె నా ఎత్తున్న అక్షరాల్లో రాసి ఉంది. ఆఫీసులో కూర్చున్న ఆయన మనస్వినిని ఏమీ అడగలేదు, పేరు కూడా మమ్మల్నే అడిగాడు. అక్షితను ఒక్కసారి చూసి పోతామంటే, క్లాసుల ఉంది, పరీక్షలు దగ్గర పడ్డయి, ఇప్పుడు డిస్టర్బ్ చెయ్యొద్దు అన్నాడు. సరే అనుకున్నాం.

తర్వాత అప్లికేషన్ నింపాం. దానితో పాటు రెండు తెల్ల కాగితాలు ముందర పెట్టాడు. వాటి మీద ఒక్క అక్షరం లేదు. కింద మూలన వేలు పెట్టి, ఇక్కడ సంతకం చేయమన్నాడు. పైన ఏముంటుందని అడిగాను. అవసరం పడ్డప్పుడు మేం రాసుకుంటం అన్నాడు. ఏ అవసరమని అడిగాను. అందరు పెడ్తరమ్మా, మీ బావగారు సుత పెట్టిండు, ఎవ్వలు గిట్ల అడగలే అన్నాడు. ఆ అవసరం వచ్చిన రోజు ఫోన్ చేయండి, నేనే వచ్చి నా చేత్తో రాసి సంతకం పెడతాను అన్నాను. ఆయన నన్ను వదిలేసి మీ తమ్ముడి వైపు చూశాడు. మీ తమ్ముడు ఫ్యాను వైపు చూశాడు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

బస్టాండు దాకా మీ తమ్ముడు గొణుగుతూనే ఉన్నాడు. అన్నకు ఏం జెప్పాలె, ఆయన ఇంత తిరిగి ఎతికిన బడి, ఒక్క సంతకానికి గింత లొల్లి అవసరమా అని. ఆయన మీద మీరు కోపం పెట్టుకోవద్దు. ఇంటి మీద ఇల్లు కట్టమన్నా కడతాడు గానీ మీకు ఎదురు చెప్పమంటే మాత్రం ఆయనకు జ్వరం వస్తుంది. కంపెనీ బస్సు ఎన్ని గంటలకు కదులుతుందో కనుక్కుందామని అక్కడి నుంచి రాళ్లకుంటకు పోయాం. ఇల్లు చూడటానికి కాదు. బస్సు ఆగే చోటు ఎదురుగానే హైస్కూలు. మనస్విని దాహమంటే నీళ్ల కోసం లోపలికి పోయాను.

హెడ్మాస్టరు ఆడమనిషి. పేరు అజీజా బేగం. లెక్కలు కూడా ఆమే చెప్తుంది. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది, పిల్ల ఏ తరగతని అడిగింది. నేను చుట్టూ తిప్పి మాట్లాడలేదు. మీ బడికి అరవై ఒక్క శాతమే ఎందుకొచ్చింది మేడం అని అడిగేశాను. మీ తమ్ముడు మళ్లీ ఫ్యాను కోసం పైకి చూశాడు, అక్కడ ఫ్యాను లేదు. ఆమెకు కోపం రాలేదు. ఆరో తరగతి సంది మా దగ్గర చదివిన పిల్లలల్ల ఇద్దరే తప్పిండ్రమ్మా, మిగిలినోళ్లంత దసరా తర్వాత వచ్చినోళ్లు అంది. దసరా తర్వాత ఎక్కడి నుంచి వస్తారని అడిగితే కిటికీలోంచి జడ్చర్ల రోడ్డు చూపించింది. టౌన్ల బడులు క్వార్టర్లీ మార్కులు చూసి, తప్పుతరనుకున్న పిల్లలకు టీసీలిచ్చి గిటు తోలుతయి, ఆళ్లు ఇక్కడి నుంచి పరీక్ష రాస్తరు, తప్పితే మా లెక్కల తప్పుతరు అని చెప్పింది. మరి మీరెందుకు చేర్చుకుంటారని అడిగాను. వచ్చిన పిల్లను పొమ్మంటే యాడికి పోతదమ్మా, రావద్దనే బోర్డు మా గేటుకు లేదు అంది.

బావగారూ, ఆ మాట విన్నాక నాకు మీరే గుర్తొచ్చారు. ఒకడు తన క్యాన్‌లో పలచబడ్డ పాలన్నీ తీసి పక్కవాడి క్యాన్‌లో పోసి, ఇప్పుడు ఇద్దరికీ ఫ్యాట్ తీయమంటే మీరు తీస్తారా? ఆ మనిషిని కేంద్రం మెట్లు ఎక్కనిస్తారా? పాల దగ్గర పట్టుకునే దొంగను పిల్లల దగ్గర ఎందుకు పట్టుకోలేదు మీరు? పిల్లలను పాలతో పోల్చడం నాకు ఇష్టమై కాదు. మీకు తొందరగా అర్థమవుతుందని.

లెక్కలు చూడటమే తప్పని నేననను. చూసి ఊరు ఎంచుకోవడం మంచి ఆలోచనే. కాకపోతే మీరు ఒక్క కాగితం చూసి ఆగిపోయారు. ఆ రాత్రే మీ తమ్ముడి ఫోన్లో నేనూ వెతికాను. ఏ బడిలో ఏ తరగతిలో ఎంతమంది ఉన్నారో కూడా ప్రభుత్వం పెడుతుంది. నూటికి నూరు బడిలో తొమ్మిదో తరగతి గది నిండుగా ఉంది. మరుసటి ఏడు పదో తరగతి పరీక్ష రాసినవాళ్లు అందులో సగం కన్నా కాస్త ఎక్కువ. మిగతా పిల్లలు ఎటు పోయారు? అందరూ ఒక్కసారే ఊళ్లు మారారా? రాళ్లకుంటలో తొమ్మిదో తరగతి కన్నా పదో తరగతి పెద్దది. నూటికి నూరు అనే అంకె ఎంతమంది గట్టెక్కారో చెప్తుంది, ఎంతమందిని ఒడ్డు నుంచే తోసేశారో చెప్పదు. నాకు నా పిల్లను తోసేయని బడి కావాలి. అంతే నా లెక్క.

మీరు ఏమంటారో నాకు తెలుసు. సర్కారు బడిలో ఏముంటుందని అంటారు. కళ్లు మూసుకుని చేర్చలేదు నేను. సైన్సు చెప్పే సారు పోస్టు ఖాళీగా ఉంది. బాత్రూం తలుపుకు గడియ లేదు, మొన్న నేనే తాడు తీసుకుపోయి కట్టాను, గడియ పెట్టించేదాకా ఆఫీసు ముందు కూర్చుంటానని కూడా చెప్పాను. వర్షమొస్తే ఏడో తరగతి వాళ్లు వరండాలో కూర్చుంటారు. ఇంగ్లీషు మీడియం ఉంది, ఇంగ్లీషు ఎంత ఉందో ముందుముందు చూడాలి. టై లేదు, పసుపుపచ్చ బస్సు లేదు. ఇవన్నీ తెలిసే చేర్చాను. ఈ బడిలో లోటు ఉంటే అది గోడ మీద కనిపిస్తుంది, నేను పోయి కొట్లాడగలను. అక్కడ లోటును తెల్ల కాగితం మీద రాసి గేటు బయట పెడతారు. దానితో ఎవరు కొట్లాడాలి?

ఊళ్లో తలెత్తుకోలేమని కూడా అంటారు. తమ్ముడు కంపెనీలో పనికి పోతూ పిల్లను సర్కారు బడికి పంపుతున్నాడని పాల కేంద్రం దగ్గర నలుగురూ అడుగుతారు. అడిగితే మా మరదలు మొండిది, చెప్తే వినలేదని చెప్పండి. నాకేం బాధ లేదు. నిజమే కాబట్టి మీకూ ఇబ్బంది ఉండదు.

జడ్చర్ల ఇంటి యజమానికి మాట ఇచ్చానని మీరు నొచ్చుకుంటారు. ఆ మాట మీరిచ్చారు, మమ్మల్ని అడగలేదు. ఇది రాయకుండా ఉండలేను. మా మామయ్య పోయాక ఈ ఇంటిని మీరు మోశారు. మీ తమ్ముడిని చదివించారు, మా పెళ్లి చేశారు. దానికి నేను మీ కాళ్లకు దండం పెడతాను, పండుగకు వచ్చినప్పుడు అందరి ముందూ పెడతాను. అయినా నా పిల్ల ఏ బడిలో కూర్చోవాలో నేనూ దాని నాయినా చూసుకుంటాం. ఇది మీ అనుమతి కోసం రాసిన ఉత్తరం కాదు. తెలియజేయడానికి రాసింది. మీకు కోపం వస్తే రానివ్వండి. ఎన్నాళ్లున్నా నేను ఇల్లు మారను, పిల్లను మార్చను.

మీ తమ్ముడు ఈ ఉత్తరం చదివాడు. జర మెత్తగ రాయరాదా అన్నాడు. మెత్తగా రాయాలంటే నువ్వే రాయమని పెన్ను ఇచ్చాను. కాసేపు పట్టుకుని కూర్చుని, నాకే తిరిగిచ్చి, నువ్వు రాసిందే ఉండనియ్యి అన్నాడు. మీరు పెంచిన మనిషి అంతవరకు వచ్చాడంటే సంతోషించండి.

ఇల్లు చిన్నదే, రెండు గదులు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయి. ఇంటి వెనుక సీతాఫలం చెట్టు ఉంది. పక్కింటి బిక్షమ్మ అనే ఆమె మొదటి రోజే జొన్నరొట్టెలు తెచ్చి ఇచ్చింది. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? దవాఖానలో ఇచ్చిన గోలీలు తిన్నాకే వేసుకోమని చెప్పండి. అక్కకు నా నమస్కారాలు. ఈ ఉత్తరం ఆమెకు కూడా చదివి వినిపించండి. తలుపు చాటున కాదు, పక్కన కూర్చోబెట్టుకుని.

ఇట్లు,
మీ మాట మొదటిసారి జవదాటిన మరదలు,
సుగుణ.

తా.క. పైన రాసినదాంట్లో ఒక్కటి అబద్ధం. ఆ రోజు మనస్వినికి దాహం వేయలేదు.

మేము బస్సు దిగేసరికి బడి ముందర ఒక ఆటో ఆగింది. అందులోంచి జడ్చర్ల బడి యూనిఫాంలో పిల్లలు దిగుతున్నారు. చివర దిగిన పిల్ల నన్ను చూసి ఆటో వెనక్కి పోయి నిలబడింది. మన అక్షిత. అక్కడ ఆఫీసులో కూర్చున్న ఆయన క్లాసులో ఉందని చెప్పిన పిల్ల.

క్వార్టర్లీలో లెక్కలు, సైన్సు తప్పిందట. దసరాకు ఇంటికొచ్చి బతుకమ్మ ఆడి పోయిన మరుసటి వారమే టీసీ రాసేశారు. మీరు సంతకం పెట్టిన తెల్ల కాగితం అందుకే పనికొచ్చింది. మార్చి దాకా హాస్టల్లో పడుకోవచ్చు, ఇంట్లో చెప్తే మీ నాయినే వచ్చి తీసుకపోతడు అని భయపెట్టి, రోజూ ఆటోలో ఇక్కడికి తోలుతున్నారు. నన్ను పట్టుకుని, చిన్నమ్మా బాపుకు జెప్పకు అంది, ఇంకేమీ అనలేదు. మీరు గ్రూపులో అందరి పిల్లల మార్కులు పెడతారు కదా, తన పేరు కింద ఏం రాస్తారోనని దాని భయం.

కాబట్టి ఈ ఊరికి మేము మనస్విని కోసం రాలేదు. అక్షిత కోసం వచ్చాం. మనస్విని ఎక్కడున్నా చదువుకుంటుంది. దీన్ని మాత్రం ఒంటరిగా వదిలి జడ్చర్లలో ఇల్లు తీసుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. శుక్రవారం సాయంత్రం హాస్టల్‌కు పోయి తీసుకొచ్చాం. మేమెవరమని కూడా వాళ్లు అడగలేదు, పెట్టె తెచ్చి గేటు బయట పెట్టారు. ఇప్పుడు మా ముందరి గదిలో కూర్చుని లెక్కలు చేస్తోంది. సాయంత్రాలు అజీజా మేడం విడిగా చెప్తోంది. పాసవుతుందనే అంటోంది. తప్పినా నేను పంపను, మళ్లీ రాయిస్తాను.

మీకు చెప్పడానికి అక్షిత నిన్ననే ఒప్పుకుంది, ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తేనే అని. వచ్చే వేసవిలో మీరు మళ్లీ ఫలితాల కాగితాలు తీయిస్తారు. రాళ్లకుంట పక్కన ఏ అంకె వచ్చినా అందులో మీ బిడ్డ ఉంటుంది.

మీరు రావచ్చు. తిట్టడానికైతే రావద్దు, నేను తలుపు తీయను, ఈసారి దాని చాటున కూడా నిలబడను. అక్కను మాత్రం వచ్చే ఆదివారం బస్సెక్కించండి. పిల్ల వచ్చినప్పటి నుంచి అమ్మను అడుగుతోంది.